దొర్లుడు చాప

ఎర్రదీపం వెలిగింది.

చాప మీద బోర్లా పడివున్న నూకరత్నానికి ఆ దీపం కనిపించదు. అది తల వెనక గోడకి ఉంటుంది. అయినా గదిలో ఉన్న ఇద్దరూ ఒక్కసారిగా మాట మానేసేసరికి ఆమెకి సంగతి తెలిసిపోయింది.

"మళ్ళీ ఎరుపేనా బాబూ?" అంది మొహం ఎత్తకుండానే.

డాక్టర్ ఉమాపతి తెర మీద గీతల్ని చూస్తున్నాడు. పక్కన టెక్నీషియన్ అరుంధతి తన గోళ్ళు చూసుకుంటోంది.

"ముందు లేవండమ్మా," అన్నాడాయన.

"లెగుస్తాను గానీ, ఎరుపేనా అని అడుగుతున్నాను."

"ఎరుపే."

నూకరత్నం లేచి కూచుని, ఊడిన జడ ముడేసుకుంది. "అయితే ఇంకొక్కటే మిగిలినాది," అంది.

ఆ ఒక్కటీ ఏమిటో చెబితే గానీ ఆమె మాట మీకు అర్థం కాదు. కొత్తరేవులో రూలు అది. ఎర్రదీపం వెలిగితే మళ్ళీ పరీక్షలో పచ్చదీపం వెలిగేదాకా క్రేను ఎక్కకూడదు. మూడుసార్లు ఎర్రదీపమే వెలిగితే ఆ మనిషి బతికున్నంత కాలం క్రేను ఎక్కకూడదు. నూకరత్నానికి మొదటిది ఎండాకాలంలో వెలిగింది. రెండోది ఇప్పుడు. మూడో పరీక్ష వచ్చే సోమవారం.

కొత్తరేవంటే సముద్రాన్ని వెనక్కి నెట్టి కట్టిన ఓడరేవు. అక్కడి క్రేన్లు మేడల కంటే ఎత్తు. పైన అద్దాల గదిలో కూచున్న మనిషి ఒక చేత్తో కంటైనర్ ఎత్తుతూ, రెండో చేత్తో దాని ఊపు ఆపుతూ, కాలితో క్రేనుని నడుపుతూ, మెడ వంచి కిందికి చూస్తూ ఉండాలి. ఒళ్ళంతా ఒకే మాట మీద ఉండాలన్నమాట. కొన్నేళ్ళ కిందట ఒక ఆపరేటర్‌కి చెయ్యి ఒక్క క్షణం మాట వినలేదు. ఆ క్షణంలో కంటైనర్ వెళ్ళి లారీ మీద పడింది. లారీలో ఇద్దరు పోయారు. తర్వాత పరీక్షలు చేస్తే ఆ ఆపరేటర్‌కి నరాల జబ్బని తేలింది. అది ఎప్పటినుంచో ఒంట్లో కాపరం పెట్టిందట. ఏటా డాక్టర్లు చూస్తూనే ఉన్నారు, నడిపించారు, చెయ్యి చాపమన్నారు, ముక్కు ముట్టుకోమన్నారు. అన్నీ శుభ్రంగా చేశాడు పాపం!

అప్పుడు ఉమాపతి ఈ చాప తయారుచేశాడు. కాగితాల్లో దీని పేరు కోఆర్డినేషన్ ఫ్లోర్. ఆ పేరు పలికే ఓపిక ఎవరికుంది? రేవులో అందరూ దొర్లుడు చాప అనేవారు. చూడటానికి నల్లగా, మెత్తగా, మంచం కంటే కాస్త పెద్దది. లోపల ఆవగింజంత సెన్సర్లు వేలకి వేలు. మనిషి వెల్లకిలా పడుకుంటాడు. గంట మోగగానే ఒక పక్కకి దొర్లి బోర్లా పడాలి. అంతే పరీక్ష.

"ఇదేం పరీక్షండీ, పసిపిల్లలు కూడా చేస్తారు!" అని చాప ప్రారంభించిన రోజు సభలో ఒక పత్రికాయన నవ్వాడు.

"అందుకే పెట్టాను," అన్నాడు ఉమాపతి. "నెలల పిల్ల మొదటిసారి బోర్లా పడితే మనం బొబ్బట్లు పంచుతాం కదా, ఎందుకు? ఒళ్ళంతా కలిసి చేసిన మొదటి పని అది. ముందు తల తిరుగుతుంది. తల వెంట భుజం, దాని వెంట పక్కటెముకలు, తర్వాత నడుము, తుంటి, ఆఖరికి కాలు. అలలాగా వెళ్తుంది. నడకలో అయితే కళ్ళు సాయం చేస్తాయి, అరికాళ్ళు సాయం చేస్తాయి, ఒక కండరం పని ఎగ్గొడితే పక్క కండరం ఎవరికీ చెప్పకుండా ఆ పని చేసేస్తుంది. నేల మీద దొర్లమంటే ఆ ఆటలు సాగవు. నరాల జబ్బు మొదలైతే ముందు చెడేది ఆ వరసే. అప్పుడు మనిషి అలలాగా దొర్లడు, దుంగలాగా దొర్లుతాడు. తలా తుంటీ మడమా అన్నీ ఒకేసారి."

అల వస్తే పచ్చదీపం. దుంగ వస్తే ఎర్రదీపం.

ఇంకో మాట కూడా అన్నాడాయన ఆవేళ, నిండు సభలో. "ఎరుపు వస్తే ఎరుపే. దాన్ని మార్చే అధికారం ఏ మనిషికీ ఉండకూడదు. ఛైర్మన్‌గారి బావమరిది అయినా సరే, నేనైనా సరే. ఈ యంత్రం నడిపేవాడు కూడా ఏటా దీనిమీద దొర్లాలి. ఎరుపొస్తే దీన్ని ముట్టుకోకూడదు." జనం చప్పట్లు కొట్టారు. సిఫార్సుల దేశంలో ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మొదట్లో చాప మేలే చేసింది. ఎరుపొచ్చిన కొద్దిమందికీ నిజంగానే జబ్బు ఉంది. ముందే దొరికింది కాబట్టి మందులిచ్చి బాగుచేశారు. గొడవంతా ఈ ఏడు మొదలైంది. ఎర్రదీపాలు పెరిగాయి. పెరిగి పెరిగి క్రేనువాళ్ళలో సగం మందికి వచ్చాయి. ఉమాపతికి అన్నం సయించలేదు. రేవు నీళ్ళు పరీక్ష చేయించాడు, ఓడల పొగ పరీక్ష చేయించాడు, క్రేన్లకి పూసే గ్రీజు కూడా వదల్లేదు. ఎక్కడా విషం లేదు. మనుషుల రక్తం శుభ్రం, స్కానింగులు శుభ్రం.

"జబ్బు లేదంటే ఎరుపెందుకు బాబూ?" అని నూకరత్నం అడిగింది, చాప పక్కన నిలబడి.

"స్కానింగుకి దొరకని దశలో ఉండొచ్చు. చాప ముందే పట్టేస్తుంది."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"చూద్దామమ్మా," అన్నాడు. డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో నూకరత్నానికి తెలుసు.

కొత్తరేవులో పెద్ద క్రేను ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమె. మైలపిల్లివారి పిల్ల, చేపలవాళ్ళ ఇంటి పిల్ల. అద్దాల గదిలో కూచుంటే తన నాన్న జీవితమంతా తెడ్డు వేసిన సముద్రం మొత్తం కాళ్ళ కింద కనబడేది. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య విశ్రాంతి షెడ్డులో నేలమీద కునుకు తీసేది. సైరన్ మోగగానే ముందు తల తిప్పి తన క్రేను చూసుకునేది, అటే దొర్లి లేచేది. ఇరవై ఏళ్ళుగా అదే బతుకు. అది పోతే ఇంకేమిటన్న ఊహే ఆమెకి రాలేదు.

ఇప్పుడు ఇంట్లో గ్లాసు పట్టుకుంటే భర్త అప్పలకొండ ఆ చెయ్యి వైపే చూస్తున్నాడు.

"ఒణుకుతున్నాదేటి?" అన్నాడు.

"నువ్వలాగ సూస్తే ఎవుళికైనా ఒణుకుతాది!" అని ఆవిడ గ్లాసు ఠపీమని కింద పెట్టింది. నీళ్ళు ఒలికాయి. ఇద్దరూ ఆ నీళ్ళ వైపు చూశారు గానీ ఎవరూ తుడవలేదు.

శనివారం పొద్దున్న ఉమాపతి స్వయంగా ఆమె ఇంటికి వెళ్ళాడు. సోమవారంలోగా పెద్దాస్పత్రిలో ఇంకో నరాల పరీక్ష చేయిద్దామని ఆయన ఆశ. ఇంటికి తాళం ఉంది.

"కొండెక్కినారు బాబూ, శనివారం కదా," అంది పక్కింటావిడ, అదేదో లోకమంతా ఎరిగిన సంగతైనట్టు.

రేవుకొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. ఉమాపతి ఊళ్ళోకి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ మెట్లు ఎక్కలేదు. ఆయన దేవుణ్ణి తిట్టే రకం కాదు, తలచుకునే రకమూ కాదు. రొప్పుతూ మెట్లెక్కి ప్రాకారంలో అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాడు.

గుడి చుట్టూ తడి రాళ్ళ మీద మనుషులు దొర్లుతున్నారు. బకెట్లతో నీళ్ళు గుమ్మరించుకుని, తడిబట్టలతో, చేతులు తలపైకి చాచి జోడించి, కాళ్ళు దగ్గరగా పెట్టి, గుడి చుట్టూ పొర్లుదండాలు. పక్కన వాళ్ళవాళ్ళు వంగి నడుస్తూ, భుజమూ తుంటీ పట్టి నెడుతున్నారు. "గోవిందా! గోవింద!"

అందులో నూకరత్నం ఉంది. అప్పలకొండ ఆమెని నెడుతున్నాడు. ఆమె ఒక్కతే కాదు. ఉమాపతి ఒక్కొక్క మొహమే గుర్తుపట్టాడు. ఒకటో నంబరు క్రేను, నాలుగో నంబరు క్రేను, ఓడల్ని లాగే టగ్గు నడిపేవాడు, రైలింజను నడిపేవాడు. రేవు రేవంతా ఇక్కడే ఉంది. అందరూ దుంగల్లాగా దొర్లుతున్నారు. తలా తుంటీ మడమా అన్నీ ఒకేసారి. తన తెర మీద నెలల తరబడి చూసిన గీతలన్నీ తడిసి ఆయన ముందు దొర్లుతున్నాయి.

ఆయన స్తంభం పట్టుకున్నాడు. ఒకతను లేచి బట్టలు పిండుకుంటుంటే అడిగాడు. "మీకు మొన్న పచ్చదీపమే వచ్చింది కదండీ?"

"వచ్చిందండీ, స్వామి దయ! వస్తే ఏడాది పొడుగునా శనివారం శనివారం దొర్లుతానని మొక్కుకున్నాను."

చూశారా ఎంత చక్కటి గానుగో! చాప అంటే భయం, భయం వేస్తే మొక్కు. మొక్కు తీర్చడానికి చేతులు జోడించి వారం వారం దుంగలాగా దొర్లడం. దొర్లి దొర్లి ఒళ్ళు అదే నేర్చుకుంటే చాప మీద ఎరుపు. ఎరుపొస్తే ఇంకా పెద్ద మొక్కు. ప్రపంచంలో ఇంకెక్కడ పెట్టినా ఆ యంత్రం హాయిగా పనిచేసేది. మనవాళ్ళ మధ్య పెట్టాడు మహానుభావుడు!

మెట్ల మీద పులిహోర దొన్నె పట్టుకు కూచున్న నూకరత్నం దగ్గరికి ఆయన దాదాపు పరుగెత్తాడు.

"మీకు జబ్బు లేదమ్మా! ఏ జబ్బూ లేదు!" అని, తను చూసిందంతా గబగబా చెప్పేశాడు.

ఆమె వింది. దొన్నె పక్కన పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. అప్పలకొండ "స్వామీ!" అని గుడివైపు తిరిగి దండం పెట్టేశాడు.

"అయితే సోమవారం పరీక్ష మానిపించెయ్యండి బాబూ," అంది కళ్ళు తుడుచుకుని.

"అది నా చేతిలో లేదు. మీరొక పని చెయ్యండి. సోమవారం చేతులు కిందే ఉంచి దొర్లండి. స్వామిని తలుచుకోకండి."

"నాను ఎత్తుతానేటి? భయం ఏసిందంటే అవే పైకెళ్తాయి. ఆ నల్ల చాప మీద పడుకుని, గంట కోసం సూస్తూ, స్వామిని తలుసుకోకుండా ఎలాగుంటాది బాబూ?"

"పోనీ ఈ రెండు రోజులైనా దొర్లడం ఆపెయ్యండి."

"మొక్కు మధ్యలో ఆపమంటారా? ఆపితే స్వామికి కోపం, ఆపకపోతే మీ చాపకి కోపం. ఎవుళ్ళతోటి ఏగాల నాను?"

ఉమాపతి ఆ సాయంత్రమే రేవు బోర్డు ఛైర్మన్ సేనాపతి ఇంటికి వెళ్ళాడు. సేనాపతి అంతా విన్నాడు, కాఫీ కూడా ఇచ్చాడు.

"డాక్టర్ గారూ, మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఎరుపు వస్తే ఎరుపే, మనిషి మాట వినొద్దు అన్నది ఎవరు? మీరే. ఇవాళ మీ మాట మీద ఒకర్ని వదిలేస్తే రేపు నా బావమరిది వచ్చి కూచుంటాడు. మీ ప్రోగ్రాం మార్చాలంటే అర్జీ పెట్టండి, బోర్డులో చూద్దాం. సోమవారం పరీక్ష మాత్రం ఆగదు."

"ఆవిడ బతుకు పోతుందండీ."

"మీ రూలే కదండీ," అన్నాడు సేనాపతి, కోపం లేకుండానే. ఆ రూలు ఎంత గట్టిగా కట్టాడో ఉమాపతికి అప్పుడు తెలిసొచ్చింది.

సోమవారం మధ్యాహ్నం నూకరత్నం చాప మీద వెల్లకిలా పడుకుంది. మూడో పరీక్ష జరుగుతున్నప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఒక్క మాట చెప్పకూడదు. చెబితే పరీక్ష చెల్లదు, ఎరుపు కిందే లెక్క. అది కూడా ఆయన రాసిందే. ఉమాపతి, అరుంధతి, అప్పలకొండ ముగ్గురూ అద్దం బయట నిలబడ్డారు.

ఆమె చేతులు రెండూ చాపకి అదిమి పెట్టుకుంది. పిడికిళ్ళు బిగించింది. పెదాలు కదులుతున్నాయి.

"తలుచుకోకమ్మా, తలుచుకోకు," అన్నాడు ఉమాపతి అద్దం ఇవతల, ఎవరికీ వినిపించకుండా.

గంట మోగడానికి ముందే ఆమె వేళ్ళు విడిపోయాయి. చేతులు మెల్లగా లేచాయి. ఆమె వాటివైపు భయంగా చూసింది, ఎవరో పట్టి లాగుతున్నట్టు. అవి తలపైకి వెళ్ళి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మడమలు దగ్గరికి వచ్చాయి.

"అయిపోయినాది," అన్నాడు అప్పలకొండ, గోడకి ఆనుకుని జారిపోతూ.

ఒక మనిషి ఇరవై ఏళ్ళ పనిని ఉమాపతి తన చేత్తోనే తీసేస్తున్నాడు. అడ్డుపడటానికి వీల్లేకుండా తలుపులన్నీ తనే వేసుకున్నాడు. ఇంక ఎవరినడగాలి? పదో తరగతి పరీక్షల తర్వాత ఎన్నడూ జోడించని చేతులు జోడించాడు. "స్వామీ, ఈ తల్లిని గట్టెక్కించు. నేను కూడా వచ్చి నీ గుడి చుట్టూ దొర్లుతాను."

గంట మోగింది.

సరిగ్గా అప్పుడే బయట రేవులో షిఫ్టు సైరన్ అందుకుంది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. నూకరత్నం తల ఠక్కున కిటికీ వైపు తిరిగింది. అటే ఉంది పెద్ద క్రేను. జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో ఎవరూ చూడలేదు. తల వెంట భుజం, భుజం వెంట పక్కటెముకలు, నడుము, తుంటి, ఆఖరికి కాలు. డ్యూటీకి ఆలస్యమైపోయిన మనిషిలాగా దొర్లి బోర్లా పడి, అదే ఊపున లేవబోయి, ఎక్కడున్నానా అని అటూ ఇటూ చూసింది.

పచ్చదీపం!

అరుంధతి కేక పెట్టింది. అప్పలకొండ తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తి, "ఒలే రత్తం, లెగే, లెగే! పచ్చే!" అని పెళ్ళాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"సైరన్, సైరన్ వల్ల," అంటున్నాడు ఉమాపతి. ఆ సంతోషంలో నోరు జారాడు. "నేను కూడా మొక్కుకున్నానమ్మా మీకోసం."

నూకరత్నం మొహం ఇటు తిప్పింది. "ఏటని?"

"ఏదో... నేనూ దొర్లుతానని."

"అయితే ఈ శనివారమే దొర్లాల."

"అది కాదమ్మా, అది సైరన్ వల్ల..."

"సైరన్ మోగించినోడెవుడు బాబూ? నా పేరున మొక్కినారు. మీరు తీర్చకపోతే అది నాకు సుట్టుకుంటాది. క్రేను మీదున్నప్పుడు సుట్టుకుంటే?"

దీనికి ఏ సైంటిస్టు దగ్గర జవాబు ఉంటుంది చెప్పండి? శనివారం డాక్టర్ ఉమాపతి తడిపంచెతో రేవుకొండ రాళ్ళ మీద పొద్దుటినుంచి మిట్టమధ్యాహ్నం దాకా దొర్లాడు. "సేతులు పైకి సాపండి బాబూ, కాళ్ళు దగ్గరికి," అంటూ అప్పలకొండ భక్తిగా నెట్టాడు. మోచేతులు గీరుకుపోయాయి. లేచేసరికి కొండ తిరిగింది. తల్లి పక్కలో బోర్లాపడిన తర్వాత, తన చాప మీద తప్ప, ఆయన దొర్లడం అదే.

ఈలోపు బోర్డు కరిగింది. సైరన్ సంగతీ గుడి సంగతీ విన్నాక సేనాపతి కూడా తలూపాడు. మొక్కు దొర్లుడుకీ జబ్బు దొర్లుడుకీ తేడా తెలిసేలా ఉమాపతి కొత్త ప్రోగ్రాం రాశాడు. అది చాపలోకి ఎక్కిస్తే ఎరుపులో ఉన్నవాళ్ళంతా మళ్ళీ క్రేన్లెక్కుతారు. సంతకాలైపోయాయి. ఒకే ఒక్క చిన్న పని మిగిలింది. చాపని ముట్టుకునే మనిషికి ఆ ఏడాది పచ్చదీపం ఉండాలి, ఆ ప్రోగ్రాం ఎక్కించడం ఉమాపతికి తప్ప ఇంకొకరికి రాదు. ఆయన ఏటేటి పరీక్ష ఆ వారమే.

ఎరుపులో ఉన్న క్రేనువాళ్ళంతా వచ్చి అద్దం అవతల నిలబడ్డారు. ముందు వరసలో నూకరత్నం.

ఉమాపతి చెప్పులు విప్పి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. కిందటేడు ఇదే చాప మీద ఈలవేస్తూ దొర్లాడు. ఇప్పుడూ అంతే కదా, ముందు తల, తర్వాత భుజం. ఈ సంగతి లోకానికి చెప్పింది తనే. నవ్వొస్తుందనుకున్నాడు. అద్దం అవతల అన్ని మొహాలూ తనవైపే చూస్తుంటే నవ్వు రాలేదు, భయం వేసింది. వేళ్ళు విడిపోవడం తెలిసింది. వద్దు, వద్దనుకుంటూ ఉండగానే చేతులు తలపైకి వెళ్ళి జోడించుకున్నాయి. మడమలు దగ్గరికి వచ్చాయి.

గంట మోగింది. సైరన్‌కి ఇంకా చాలా టైముంది.

ఆయన దుంగలాగా దొర్లి బోర్లా పడ్డాడు, తలా తుంటీ మడమా అన్నీ ఒకేసారి. దీపం వైపు చూడక్కర్లేకపోయింది. మొహం చాపలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

తలుపు తెరుచుకుంది. నూకరత్నం వచ్చి పక్కన గొంతుక్కూచుని, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"భయపడకండి బాబూ. ఇది మొదటిదే కదా, ఇంకా రెండున్నాయి. ఈసారి మీకు పచ్చదీపం వొస్తే ఏడాదంతా శనివారాలు నాను దొర్లుతానని ఇప్పుడే మొక్కేసినాను."